పోరు చుట్టూ జనం: సీమలో చూపరుల చరిత్ర

రాయలసీమలో పోరు చూడడానికి జనం గుమిగూడడం గురించి అందరికంటే వివరంగా రాసిపెట్టినవాడు ఒక పరదేశి. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి మహర్నవమి ఉత్సవాన్ని కళ్లారా చూశాడు. అప్పటికి కర్నూలు, కడప, బళ్లారి అనే హద్దులు లేవు. ఇదంతా ఒకే సీమ, ఒకే రాజు ఏలుబడి. పేస్ రాసిన మల్లయుద్ధం పట్టుకు పట్టు వేసే కుస్తీ కాదు. పళ్లు రాలేలా, కళ్లు పోయేలా, ముఖం గుర్తుపట్టలేనంతగా చితికిపోయేలా మల్లులు ఒకరినొకరు పిడిగుద్దులు గుద్దుకున్నారని అతను రాశాడు. మాట పడిపోయినవాళ్లను స్నేహితులు మోసుకుపోయారట. ఒకరినొకరు ఎత్తి కుదేయడమూ ఉంది. ఈనాడు గుద్దు, తన్ను కలిపి ఆడే కిక్‌బాక్సింగ్‌కు సీమ చరిత్రలో దగ్గరి పోలిక వెతికితే ఈ మహర్నవమి ముష్టియుద్ధమే దొరుకుతుంది.

పేస్ రాతలో పోరాడేవాళ్లతో పాటు చూసేవాళ్లూ కనిపిస్తారు, అతని రాతకు విలువ అందుకే పెరిగింది. మల్లులకు నాయకులు ఉన్నారు, తీర్పరులు ఉన్నారు. ఇద్దరినీ సమానమైన చోట నిలబెట్టడం, గెలిచినవాడికి దక్కాల్సిన మర్యాద ఎంతో తేల్చడం వాళ్ల పని. బరి చుట్టూ కొయ్యతో కట్టిన ఎత్తైన మంచెలు, వాటిపై సామంతులు, ఎదురుగా దిబ్బమీద రాజు. ద్వారాల దగ్గర బెత్తాలు, కొరడాలు పట్టుకున్న కావలివాళ్లు నిలబడి, లోపలికి ఎవరిని వదలాలో చూసేవారు. పొద్దు గుంకేసరికి బరి పొడవునా, గోడల పైనా దివిటీలు వెలిగించి పగలు చేసేవారు. చూపరులకు చోటు, వెలుతురు, కాపలా అన్నీ ముందే ఏర్పాటయ్యేవి. హంపిలో ఇప్పటికీ నిలిచి ఉన్న మహానవమి దిబ్బ రాళ్లమీద మల్లులు పట్టు పట్టిన బొమ్మలు ఉన్నాయి. ఆ రాళ్ల ముందు నిలబడితే, ఆ జనం హోరు ఎంత దూరం వినబడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

పేస్ తరువాత పదిహేనేళ్లకు ఫెర్నావ్ నూనిజ్ అనే మరో పోర్చుగీసువాడు విజయనగరం గురించి రాశాడు. రాజు దగ్గర వెయ్యిమంది మల్లులు ఉన్నారని, ఉత్సవాల్లో రాజు ముందు పోరాడడం తప్ప వాళ్లకు వేరే కొలువు లేదని అతని మాట. చేతుల్లో మొనలున్న కడియాల వంటివి పట్టుకుని పొడుచుకునేవారు. అందరికంటే ఎక్కువ గాయపడ్డవాడు వెళ్లి రాజు చేత పట్టుబట్ట అందుకునేవాడట. ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. జపాన్‌లో 1960లలో వృత్తి క్రీడగా మొదలైన కిక్‌బాక్సింగ్‌లోనూ, 1993లో టోక్యోలో ఒకే రాత్రి ఎనిమిదిమందిని దించిన కె-1 పోటీలోనూ జనం జేజేలు గెలిచినవాడికి. విజయనగరంలో రాజు బహుమతి రక్తం ఎక్కువ చిందినవాడికి. పోరు చూసి మనిషి దేన్ని మెచ్చుకోవాలి అన్న ప్రశ్నకు ఈ సీమ ఇచ్చిన జవాబు వేరు. దెబ్బ కొట్టిన చేతి కన్నా దెబ్బకు ఓర్చిన ఒళ్లు గొప్పదని ఇక్కడ అనుకున్నారు. ఆ భావం తరువాతి శతాబ్దాల్లో దేవుడి ఉత్సవాల్లోనూ కనిపిస్తుంది.

రాజు దగ్గర మల్లయుద్ధం చేసే ఆడవాళ్లు కూడా ఉన్నారని నూనిజ్ రాశాడు. ద్వంద్వయుద్ధం గురించీ చెప్పాడు. ఇద్దరి మధ్య పగ ఉంటే మంత్రి అనుమతి అడిగి పోరాడుకోవచ్చు. అనుమతి వెంటనే దొరికేది, పోరాడినవాళ్లకు గొప్ప గౌరవం దక్కేది, చనిపోయినవాడి ఆస్తి బతికినవాడికి పోయేది. అంటే నలుగురి కళ్ల ముందు, అడిగి, ఒప్పించి చేసిన పోరుకే మర్యాద. కృష్ణదేవరాయలు సైతం తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, మట్టితో చేసిన బరువులు ఎత్తి, కత్తి తిప్పి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆ తరువాత గుర్రమెక్కేవాడని పేస్ రాశాడు. దిబ్బమీద కూర్చుని చూసే రాజుకు కింద పడే దెబ్బ బరువెంతో తెలుసు.

1565లో రాక్షసి తంగడి దగ్గర ఓటమితో ఆ నగరం పాడుపడింది. రాజధాని పెనుకొండకు మారింది. మల్లులను పోషించే చెయ్యి లేకుండా పోయింది. మహర్నవమి సంప్రదాయాన్ని 1610లో శ్రీరంగపట్నంలో మైసూరు రాజు రాజ ఒడెయరు అందుకున్నాడు. దానితో పాటే జెట్టీల ముష్టియుద్ధం కూడా అక్కడ స్థిరపడింది. మైసూరు ప్యాలెస్‌లో విజయదశమి నాడు జరిగే వజ్రముష్టి ఆ పరంపరే. గుండు గీయించుకున్న జెట్టీలు మొనలున్న ఆయుధం వేళ్లకు తొడుక్కుని తలపడతారు, నెత్తురు చుక్క కనబడగానే పోరు ఆగిపోతుంది. జెట్టి అన్నది తెలుగులో మల్లుడికి పాతపేరు. 1909లో వెలువడిన దక్షిణ భారత కులాల గ్రంథంలో ఎడ్గర్ థర్‌స్టన్ జెట్టీలను తెలుగు మల్లుల కులంగా నమోదు చేశాడు. తెలుగు జిల్లాల్లో వాళ్లు తైలం పట్టించి మర్దన చేసి నరాల నొప్పులు మాన్పేవారని రాశాడు. చూసేవాళ్లు తగ్గిపోయిన చోట పోరు విద్య వైద్యంగా మారి బతికింది. దెబ్బ ఎక్కడ తగిలితే ఒళ్లు ఎలా కుంగుతుందో తెలిసిన చేతులకు నొప్పి తీయడం కొత్త పని కాదు.

కర్నూలు, కడప పల్లెల్లో విజయనగరం పడిపోయాక రెండు శతాబ్దాలు పాళెగాళ్లవి. వాళ్ల కింద కట్టుబడి బంట్లు ఉండేవారు. కత్తి, బల్లెం, కట్టె తిప్పడం వాళ్లకు తిండి పెట్టే పని. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉండి పాళెగాళ్ల బలాన్ని అణిచాడు. బంట్లలో చాలామంది కాడి పట్టారు. కర్నూలు నవాబు సంస్థానం 1839లో కంపెనీ చేతికి పోయింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఆయనను ఉరితీశారు. కంపెనీ కోరుకున్న చూపరులు వీళ్లు: కదలకుండా నిలబడి, భయపడి, ఇళ్లకు మళ్లేవాళ్లు. జనం మాత్రం ఆ ఉరిని భయంగా గుర్తుపెట్టుకోలేదు, పాటగా గుర్తుపెట్టుకున్నారు.

ఆయుధం ఊళ్లోంచి వెళ్లిపోయాక మిగిలింది కట్టె. పశువులు కాసేవాడికి, పొలం కాపలాకు, చీకట్లో పాము భయానికి కట్టె కావాలి, దాన్ని ఎవరూ లాక్కోలేరు. రాజూ పాళెగాడూ లేని కాలంలో బరి ఏర్పాటు చేసి, జనాన్ని పిలిచి, గెలుపోటములకు సాక్షిగా నిలబడగలిగింది ఒక్క దేవుడే. అందుకే సీమలో పోరు విద్య తిర్నాళ్లలోకి, పీర్ల పండగల్లోకి చేరిందనిపిస్తుంది. మొహర్రం రోజుల్లో పీర్లు లేచే ఊళ్లలో గుండం చుట్టూ కర్రసాము, కత్తిసాము ఆడేవారు. పట్టణాల్లోని తాలింఖానాల్లో వస్తాదులు పిల్లలకు సాము నేర్పి ఈ పండగకు తీసుకొచ్చేవారు. పీరును మోసేవాళ్లలోనూ, సాము చేసేవాళ్లలోనూ, చుట్టూ నిలబడి వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేవాళ్లలోనూ హిందువులు, ముస్లింలు కలిసే ఉండేవారు. అది సీమ పల్లెలకు మామూలు సంగతి.

ఈ పండగల్లో చూపరి స్థానం విజయనగరపు మంచె మీది స్థానం లాంటిది కాదు. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు జరిగే పిడకల పోరు ఇందుకు మంచి ఉదాహరణ. వీరభద్రుడికి, కాళికమ్మకు మధ్య ప్రేమ ఉందని, పెళ్లి విషయంలో మాట పట్టింపు వచ్చి అమ్మవారి వైపువాళ్లు స్వామిమీద పేడ విసిరారని, స్వామి వైపువాళ్లు తిరిగి విసిరారని కథ. ఆ కథ ప్రకారం ఊరు రెండు వర్గాలవుతుంది. కారుమంచి నుంచి ఒక పెద్ద గుర్రమెక్కి వచ్చి గుడిలో పూజ చేసి వెళ్లాక పోరు మొదలవుతుంది. ముందే పోగుచేసి పెట్టిన పిడకలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు గాల్లో ఎగురుతాయి, ధూళి కమ్మేస్తుంది. మిద్దెల మీదికెక్కి చూసేవాళ్లకూ పిడక తగులుతుంది. దెబ్బ తగిలినవాడు గుడికి వెళ్లి విభూతి పెట్టించుకుంటాడు. పోరు ముగిశాక దేవుడికీ అమ్మవారికీ పెళ్లి చేస్తారు. ఇది పెళ్లికి ముందు రెండు వియ్యాలవారి మధ్య జరిగే తగవు. ఎవరు గెలిచారన్న లెక్క ఎవరూ అడగరు. ఆ ఊళ్లో పుట్టినవాడు ఏదో ఒక వర్గంలో పుట్టినట్టే. కాబట్టి ఊరికే చూసేవాడంటూ ఉంటే వాడు పొరుగూరివాడై ఉండాలి.

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే బాధ పెట్టేది దేవరగట్టు. హొళగుంద మండలంలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ గట్టు మీద మాళమ్మ, మల్లేశ్వరస్వామి కొలువై ఉన్నారు. మణి, మల్లాసురుడు అనే రాక్షసులను స్వామి భైరవుడి రూపంలో సంహరించాడని స్థలపురాణం. విజయదశమి అర్ధరాత్రి స్వామికి, అమ్మవారికి కల్యాణం జరుగుతుంది. తరువాత ఉత్సవమూర్తులు గట్టు దిగుతాయి. దీన్నే బన్ని అంటారు. కన్నడంలో బన్ని అంటే జమ్మిచెట్టు, ఊరేగింపు వెళ్లేదీ జమ్మి దగ్గరికే. పత్రికలవాళ్లు దీనికి కర్రల సమరం అని పేరు పెట్టారు. ఊళ్లవాళ్లు జైత్రయాత్ర అంటారు. రెండు పేర్ల మధ్య తేడా, బయటనుంచి చూసేవాడి కంటికీ లోపల ఉన్నవాడి కంటికీ ఉన్న తేడా.

నెరణికి, నెరణికితండా, కొత్తపేట ఊళ్లవాళ్లు మూర్తులకు కాపలా. అరికెర, సుళువాయి, ఎల్లార్తి, కురుకుంద, బిలేహాల్, విరుపాపురం వంటి చుట్టుపక్కల ఊళ్ల జనం మూర్తులను తమ వైపు తిప్పుకోవాలని వస్తారు. నెరణికి వైపువాళ్లు ముందే పాలబాస చేస్తారు. పాలు ముట్టి, తమలో తమకు తగవులు లేకుండా స్వామిని క్షేమంగా తెస్తామని ప్రమాణం చేస్తారు. పండగ రోజుల్లో మాంసం, మద్యం ముట్టరు, చెప్పులు వేసుకోరు. అర్ధరాత్రి దాటాక వందల దివిటీలు, వేల కట్టెలు కదులుతాయి. కట్టెల చివర ఇనుప కట్లు ఉంటాయి. డోలు మోతలో "డుర్ర్... గోపరాక్, బహుపరాక్" అనే కేక గట్టునుంచి గట్టుకు పోతుంది. ఆ కేక వేయడానికి కట్టె పట్టుకోవాల్సిన పనిలేదు. దారిపక్క బండలమీద, చెట్లమీద ఉన్నవాళ్ల గొంతులు కూడా అందులో కలుస్తాయి.

ముళ్లబండ, పాదాలగట్టు దాటి రక్షపడకు చేరినప్పుడు ఊరేగింపు కాసేపు నిలుస్తుంది. కంచాబీర వంశస్థుడు తన తొడ కోసి పిడికెడు రక్తం సమర్పిస్తాడు. చచ్చిపోతూ రాక్షసులు అడిగిన కోరిక అది అని కథ. చుట్టూ అంతసేపూ కేకలు వేసిన జనం ఆ కొద్ది క్షణాలు చూసే చూపు వేరు. ఒంటి నెత్తురు దేవుడికిచ్చే ఆచారం సీమకు కొత్త కాదు. శ్రీశైలంలో 1377లో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమంటపంలో వీరశైవ భక్తులు తలలు, నాలుకలు నరుక్కుని శివుడికి అర్పించారని శాసనం చెబుతుంది. ఆ మంటపం కూడా చూపరులున్న చోటే, నలుగురి ముందూ చేయని త్యాగానికి మంటపం అక్కరలేదు. మహర్నవమి బరిలో ఎక్కువ గాయపడ్డవాడికి దక్కిన పట్టుబట్ట, వీరశిరోమంటపం, రక్షపడ దగ్గరి పిడికెడు నెత్తురు, ఈ మూడూ ఒకే భావనకు మూడు కాలాల రూపాలు. దెబ్బ తగిలినవాడిని జనం ఓడినవాడిగా చూడరు. బన్నిలో తల పగిలినవాడు బండారు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోవడానికి కారణం ఇదే.

అక్కడి ఊళ్లవాళ్లు తరచూ ఒక మాట చెబుతారు. తాము కొట్టుకోవడం లేదని, మూర్తులకు అడ్డంగా కట్టెలు ఎత్తి కాస్తామని, చీకట్లో ఆ తోపులాటలో కట్టెలు తగులుతాయని. బయటివాళ్లు ఈ మాట నమ్మరు. కొన్నాళ్లకు అది కప్పిపుచ్చుకోవడంలా కూడా వినబడుతుంది, ఎందుకంటే ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతున్నాయి, పాత పగలు తీర్చుకోవడానికి ఆ చీకటిని వాడుకునేవాళ్లూ ఉన్నారు. అయినా ఆ మాటలో నిజం కొంత ఉంది. పగ తీర్చుకోవడమే పని అయితే పాలబాస ఎందుకు, తెల్లారాక అదే ఊళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎలా సాగుతాయి? ఆచారాన్ని తక్కువ చేయకుండానే ప్రాణం విలువ చెప్పగలగాలి. ఆ పని ఆ ఊళ్ల పెద్దల వల్లనే అవుతుంది.

ప్రభుత్వం చూపు మాత్రం దశాబ్దాలుగా కట్టె మీదే ఉంది. పండగ దగ్గరపడగానే పోలీసులు ఊళ్లలో సమావేశాలు పెడతారు, కట్టెలు, నాటుసారా స్వాధీనం చేసుకుంటారు. గట్టు దగ్గర తాత్కాలిక ఆసుపత్రి వెలుస్తుంది. సీసీ కెమెరాలు, డ్రోన్లు వచ్చాయి. పేస్ చూసిన బెత్తాల కావలివాళ్ల పనికీ ఈ పోలీసుల పనికీ పోలిక ఉంది. తేడా ఒక్కటే. అక్కడ రాజు బరినీ ప్రేక్షకులనూ వేరుచేసి కట్టాడు. ఇక్కడ బరే లేదు, గట్టు మొత్తం బరి.

చూపరులు మారింది ఇటీవలి దశాబ్దాల్లోనే. మొదట సినిమా హాళ్లు మార్చాయి. 1990ల చివరినుంచి సీమ కక్షల కథలు వెండితెరను నింపాయి. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర. 2003లో వచ్చిన ఒక్కడులో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరి పోరుకు జనం సీట్లలోంచి లేచి కాగితాలు విసిరారు.  కర్నూలు నడిబొడ్డున ఆ బురుజు కింద రోజూ తిరిగే జనమే హాల్లో దాన్ని తెరమీద చూసి ఈల వేశారు. అంతవరకూ దేవుడి ముందు, ఏడాదికి ఒక్క రాత్రి లేచే కేక ఇప్పుడు టికెట్టు కొన్న ప్రతి పూటా లేచింది. పోరులో తనకు ఏ పాత్రా లేకుండా, ఏ దెబ్బా పడకుండా కేక వేయడం సీమ జనానికి అక్కడ అలవాటైంది. నెత్తుటి కక్షల బొమ్మను చూసి బయటివాళ్లు సీమను అదే అనుకున్నారు. ఇక్కడి తల్లులు అనుభవించిన దుఃఖం ఆ బొమ్మల్లో ఎంత ఉందో ఆ ఈలల్లో వినబడలేదు.

ఆ తరువాత టీవీ కెమెరాలు, చేతిలో ఫోన్లు. దేవరగట్టుకు ఊళ్లవాళ్లు ఎంతమంది వస్తారో చూడడానికి వచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువ అయ్యారు. కర్ణాటకనుంచి, తెలంగాణనుంచి వస్తారు. వాళ్లకు పాలబాస లేదు, కట్టె లేదు, ఏ వైపు ఏ ఊరో తెలియదు. వెలుగు సరిగా పడే ఎత్తైన చోటు కావాలి. 2023 బన్ని రాత్రి అలా చూడడానికి చాలామంది చెట్టెక్కారు, బరువుకు కొమ్మ విరిగింది. కింద పడినవాళ్లలో కనీసం ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ ఏడు కట్టెల లెక్క రాసుకున్న కాగితాల్లో చెట్ల లెక్క లేదు. ఊరేగింపుకు దారి, వైద్యానికి చోటు చూసుకున్నంత శ్రద్ధగా చూపరులకు చోటు చూడాల్సిన కాలం వచ్చిందని ఆ చావు తెలియజేసింది. అయిదు వందల ఏళ్ల కింద మంచెలు కట్టి దివిటీలు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

రక్షపడ తరువాత ఊరేగింపు జమ్మిచెట్టు చేరుతుంది, పూజ జరుగుతుంది. అక్కడినుంచి ఎదురు బసవన్న గుడి. అప్పటికి తూరుపు తెల్లబడుతూ ఉంటుంది, దివిటీలు మాడిపోయి నూనె వాసన మిగులుతుంది, తలలకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు, ఆ రాత్రి ఒక్క కట్టె కూడా ముట్టనివాళ్లు ఒకరినానుకుని ఒకరు నిలబడతారు. ఏ ఊరు నెగ్గింది అని ఎవరూ అడగరు. డోలు ఆగుతుంది, గోపరాక్ ఆగుతుంది. గుడి దగ్గర పూజారి కార్ణికం చెబుతాడు. రాబోయే ఏడు వానలెలా ఉంటాయి, ఏ పంటకు ఏ ధర పలుకుతుంది అన్నది అందులో ఉంటుంది. పత్తి వేసినవాడు, జొన్న వేసినవాడు చెవి ఒగ్గి వింటారు. విన్నది పక్కవాడికి చెప్పుకుంటూ, లెక్కలు వేసుకుంటూ జనం గట్టు దిగి పొలాల దారిన పడతారు.